చివర్లో చెప్తారనుకుంది

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయాక అది కాగితాల్లో మాత్రమే మిగిలింది. ఊరందరికీ ఆమె కరెంటక్క. పలక పట్టుకున్న పిల్లలకీ అక్కే, చేతికర్ర పట్టుకున్న వాళ్ళ తాతలకీ అక్కే.

తండ్రి కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరు. సర్వీసులో ఉండగానే పోయాడు, ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. అప్పటికి ఆమెకు బల్బు మార్చడం కూడా రాదు. గాజు గొట్టాలు కడగాలి, బ్యాటరీల మీద పేరుకున్న తెల్లటి పొడి గీకాలి, సాయంత్రం బీరువాలన్నిటికీ తాళాలు వేసి గుత్తి ఆఫీసులో ఇచ్చి రావాలి. ఆమెకు పని చెప్పేవాళ్ళకు కొదవ లేదు. ఆ పని ఎందుకో చెప్పినవాళ్ళే లేరు.

చెప్పిన మొదటి మనిషి అక్కడి ఫిజిక్స్ మాస్టారు.

మాస్టారంటే మామూలు మనిషి కాదు. వయసులో ఉన్నప్పుడు ఉరుముల మబ్బుల్లోకి బెలూన్లు వదిలి, మబ్బులో ఏ పొరలో ఎంత విద్యుత్తు పేరుకుంటుందో కొలిచారు. ఆయనకంటే ముందు ఆ పని అలా చేసినవాళ్ళు లేరు. దూరదేశాల పుస్తకాల్లో ఆయన పేరు మీద ఒక సూత్రం ఉందని కాలేజీలో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అంతటి మనిషి గదిలో ఒకరోజు ఆమె బీకర్లు తుడుస్తుంటే ఫెళ్ళున ఉరిమింది. ఆమె చేతిలో బీకరు జారి నేలమీద పడి ముక్కలైంది. తిట్లు తినడానికి సిద్ధపడి తల వంచుకుంది.

"పగిలింది పోనీలే. ఇలా కిటికీ దగ్గరికి రా అమ్మాయ్," అన్నారు మాస్టారు. "ఈసారి మెరవగానే లెక్కపెట్టడం మొదలుపెట్టు. ఉరుము వినపడగానే ఆపు."

ఆమె లెక్కపెట్టింది.

"మూడుతో భాగించు. అదిగో, అన్ని కిలోమీటర్ల అవతల పడింది ఆ పిడుగు. నీ బీకరు మీద పడలేదు."

ఆమెకు నవ్వొచ్చింది. ఇంటికెళ్ళి వదినకు చెప్పింది. వదిన అంతా విని, "పిడుగు సంగతి సరేగానీ, ఆ పగిలిన గ్లాసు నీ జీతంలో కోస్తారా?" అంది.

ఎవరూ కోయలేదు. ఆ తర్వాత వాన పట్టినప్పుడల్లా ఆమె కిటికీ దగ్గర నించుని పెదాలు కదుపుతుంటే, వదిన పక్కింటివాళ్ళతో, "మా ఆడపడుచు మబ్బులతో మాట్లాడుతోంది, గట్టిగా అరవకండి," అనేది.

మాస్టారికి ఇంకో పిచ్చి ఉండేది. తనకు తెలిసింది నలుగురికీ తెలియాలి. ఆదివారం పొద్దున రేడియోలో మాట్లాడేవారు. మధ్యాహ్నం ఒక వ్యానులో యంత్రాలు వేసుకుని ఏదో ఒక చోటికి బయలుదేరేవారు. బడి హాలు, ఫ్యాక్టరీ క్యాంటీను, గ్రంథాలయం వెనక ఖాళీ స్థలం, ఒకసారి జైలు కూడా. టిక్కెట్టు లేదు. పెట్టెలు సర్దడానికి ఒక మనిషి కావాలి, కరెంటక్క వెళ్ళింది. నెల తిరక్కుండానే పెట్టెలు సర్దే మనిషి స్టేజీ మీదికి వచ్చింది. పెద్ద లోహపు గుండు ఉన్న యంత్రం మీద చెయ్యి పెట్టి ఆమె నించుంటే, విప్పిన జుట్టంతా నిక్కబొడుచుకుని తల చుట్టూ చీపురులా లేచేది. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. పేరు అలా వచ్చింది. మేకుల బల్ల మీద పడుకోవడం, వేడి నిప్పుల మీద గబగబా నడవడం, అన్నీ ఆమే. అద్భుతాలు చేస్తామని చెప్పుకునేవాళ్ళు చేసేవన్నీ చేసి చూపించి, ఆ తర్వాత మాస్టారు స్టేజీ ముందుకొచ్చి చేతులు రెండూ పైకెత్తేవారు.

"చప్పట్లు తర్వాత! ముందు ఏమడగాలి?"

"ఎలా?" అని హాలంతా అరిచేది.

అప్పుడు విప్పేవారు గుట్టు.

అన్నిట్లోకీ జనం మెచ్చిన ఐటం బలం పరీక్ష. మాస్టారు ఒక పొడవాటి అంగీ తొడుక్కుని మహిమ గల మనిషిలా వచ్చేవారు. ప్రేక్షకుల్లోంచి కండలు తిరిగినవాణ్ణి పిలిచి, పాదాలు దగ్గరగా పెట్టి, ఒక చెయ్యి పక్కకు చాచి నించోమనేవారు. కరెంటక్క ఆ చెయ్యి మణికట్టు మీద రెండు వేళ్ళతో నొక్కేది. అంత మనిషీ తూలి పడబోయేవాడు. తర్వాత మాస్టారు ఒక మామూలు రబ్బరు పట్టీ తీసి, ఇది మహిమ గల పట్టీ అని వాడి చేతికి తొడిగేవారు. కరెంటక్క మళ్ళీ నొక్కేది. ఈసారి బలమంతా పెట్టినట్టు పళ్ళు బిగించి మరీ నొక్కేది. వాడు స్తంభంలా నిలబడేవాడు. జనం నోరెళ్ళబెట్టేవాళ్ళు.

"ఎలా?"

"మొదటిసారి మా అక్క కిందికి నొక్కుతూ రవ్వంత బయటికి లాగింది. వాడి బరువు పాదాలు దాటి పక్కకు పోయింది, తూలాడు. రెండోసారి రవ్వంత లోపలికి, ఒంటివైపు నొక్కింది. బరువు పాదాల మీదే నిలబడింది. పట్టీ చేసింది సున్నా. చేసిందంతా మా అక్క చెయ్యి!"

ఆ మాట కోసమే ఆమె వారమంతా ఎదురుచూసేది.

ఒకసారి ఎక్కడో తాయెత్తులమ్మే ముఠావాళ్ళు వ్యాను మీద రాళ్ళు రువ్వారు. మాస్టారి వైపు వస్తున్న రాయి అడ్డం వెళ్ళిన ఆమె కనుబొమ కింద తగిలింది. మాస్టారు తన రుమాలు అద్ది పట్టుకుని దారి పొడుగునా, "నా మీద పడాల్సిన దెబ్బమ్మా ఇది," అంటూనే ఉన్నారు. సంబంధం చూడవచ్చినవాళ్ళు ఆ మచ్చ చూసి అడిగారు. చెప్పింది. పెళ్ళయ్యాక ఆదివారాలు మానేయాలన్నారు. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. వదిన ఆ రోజు దుమ్మెత్తిపోసింది. కొన్నేళ్ళకు అన్న పోయాడు. ఆ రెండు గదుల ఇంట్లో ఆడవాళ్ళిద్దరే మిగిలారు, ఒకళ్ళనొకళ్ళు సాధించుకుంటూ, ఒకళ్ళు లేకపోతే ఇంకొకళ్ళకు ముద్ద దిగకుండా.

వదినకు షుగరు వచ్చింది. మాత్రలంటే గిట్టేది కాదు. ఎవరో పసరు పోస్తారంటే బయలుదేరింది. కరెంటక్క గుమ్మానికి అడ్డం నించుని, "పసరు పోసి బాగైన మనిషిని ఒక్కర్ని తీసుకొచ్చి చూపించు, నేనే నిన్ను రిక్షా ఎక్కిస్తాను," అంది. వదిన గొణుక్కుంటూ మాత్ర మింగింది. "నీ మాస్టారు చెప్పాడనే మింగుతున్నా. నీ మొహం చూసి కాదు."

మాస్టారు రిటైరయ్యారు. రేడియో మాత్రం మానలేదు. పెద్దతనంలో ఆయనకు ఒక కోరిక పట్టుకుంది. ఊళ్ళో ఒక తారామండలం కట్టాలి. గుండ్రటి కప్పు కింద చీకట్లో కూర్చుని పిల్లలు ఆకాశమంతా చూడాలి. దాని కోసం ఎక్కని మెట్టు లేదు, దిగని మెట్టు లేదు. ప్రతి ఆఫీసులోనూ కుర్చీ వేసి, టీ ఇచ్చి, మళ్ళీ రమ్మనేవాళ్ళు. "నేను పోయాక ఆ సూత్రం ఎవడికి గుర్తుంటుంది అమ్మాయ్? కప్పు కింద కూర్చున్న పిల్లాడికి గుర్తుంటాను," అనేవారు. అలా అన్నప్పుడు ఆమెకు జాలేసేది. జాలి కాకుండా ఇంకేదైనా తోచి ఉండాల్సిందని తర్వాత అనుకుంది.

ఒకరోజు ఆయన నుంచి ఫోను వచ్చింది. "అమ్మాయ్, పెద్ద సభ ఉంది. చాలా కాలమైంది కదా మనం చేసి. పాత ఐటమే, బలం పరీక్ష. నీ చెయ్యి కావాలి."

ఆమె కూడా రిటైరై రెండేళ్ళు దాటింది. ఫోను పెట్టేసి ఇల్లంతా కలయతిరిగింది. వదిన చేతి మీద నాలుగుసార్లు నొక్కి చూసుకుంది. "చాల్లే, నా భుజం ఊడిపోయేట్టుంది," అంటూనే, ఆ ఆదివారాల్లో ఒక్కదానికీ రాని వదిన ఈసారి తనూ వస్తానని జుట్టుకు రంగు వేసుకుంది.

హాలు కొత్తది. మెత్తటి కుర్చీలు, కెమెరాలు, స్టేజీ వెనక ఒక కంపెనీ బొమ్మ. కంపెనీవాళ్ళ మేనేజరు ఆమె చేతికి ఒక నల్లటి పట్టీ ఇచ్చాడు. మధ్యలో మెరిసే బిళ్ళ ఉంది. పాత రబ్బరు పట్టీకి బదులు ఇదన్నమాట అనుకుంది. మాస్టారు అంగీ తొడుక్కోలేదు. కోటు వేసుకున్నారు. అది ఆమెకు కాస్త వింతగానే తోచింది.

ఒక కుర్రాడు వచ్చి చెయ్యి చాచాడు. నొక్కింది, తూలాడు. పట్టీ తొడిగారు. పళ్ళు బిగించి నొక్కింది, నిలబడ్డాడు. ఆమె ఒకడుగు వెనక్కు వేసి, ఎప్పటిలాగే మాస్టారి చేతులు పైకి లేస్తాయని చూసింది.

లేవలేదు.

"నేను జీవితమంతా కొలిచిన మనిషిని," అన్నారు మాస్టారు మైకులో. "కంటితో చూడందే దేన్నీ నమ్మనని మీకు తెలుసు. ఇవాళ మీరూ చూశారు, నేనూ చూశాను. ఒంట్లో శక్తిని సమం చేసే గుణం ఇందులో ఉంది."

చప్పట్లు మోగాయి. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. ఏదో కొత్త పద్ధతి అనుకుంది, జనాన్ని ఇంకాస్త ఊరించి అప్పుడు చెప్తారనుకుంది. మాస్టారు నమస్కారం పెట్టి పక్కకు వెళ్ళిపోయారు. "ఎలా?" అని ఒక్కరూ అడగలేదు.

తెర వెనక పరుగులాంటి నడకతో ఆయన్ని అందుకుంది. "మాస్టారూ, చివర్లో చెప్పడం మర్చిపోయారు."

"మర్చిపోలేదు అమ్మాయ్. వాళ్ళిచ్చిన టైము అయిపోయింది. వచ్చే సభలో చెప్దాం."

ఆమె నమ్మింది. దాదాపు నలభై ఏళ్ళుగా ఆ నోటి వెంట అబద్ధం వినని మనిషి, ఒక్కసారికే ఎలా అనుమానిస్తుంది? రెండో సభకూ వెళ్ళింది. రెండోసారీ చెప్పలేదు. మూడోసారి ఫోను వస్తే ఒంట్లో బాగాలేదంది. కానీ అప్పటికే టీవీలో ప్రకటన వస్తోంది. మాస్టారి మొహం, ఆయన గొంతు. ఆ గొంతు వినిపిస్తుండగా ఒక మణికట్టు మీద ఆమె రెండు వేళ్ళు.

ఆమె బయటికి వెళ్తే చాలు, "అక్కా, నిన్ను టీవీలో చూశాం!" అని చేతులు చాపేవాళ్ళు. ఆ చేతులకు నల్ల పట్టీలు ఉండేవి. చెప్పాలని నోరు తెరిచేది. అంతలోనే, మాస్టారు తనంత తానే చెప్తారు, ముందు నేను చెప్తే ఆయన పరువేం కాను అనుకుని మూసుకునేది. ఆ మూసుకోవడమే కొంప ముంచింది.

వదిన కాలి వేలికి ఏదో గుచ్చుకుంది. చెప్పలేదు. వాసన వస్తుంటే కరెంటక్కే పట్టుబట్టి చూసింది. వేలు నల్లబడి ఉంది. ఆస్పత్రిలో డాక్టరు, మాత్రలు ఎప్పుడు ఆపావమ్మా అని అడిగింది. వదిన జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మోచేతి పైన నల్ల పట్టీ ఉంది.

"ఎందుకు వదినా?" అంది కరెంటక్క.

"ఎందుకేమిటే? ముందు వరసలో కూర్చుని నా కళ్ళతో చూశాను. వాళ్ళెవరో నొక్కితే నమ్మేదాన్నా? నొక్కింది నువ్వు. నీ చేతులు అబద్ధమాడతాయని నాకేం తెలుసు?"

వేలు తీసేశారు.

మర్నాడు ఆమె మాస్టారింటికి వెళ్ళింది. ఆయన వరండాలో తారామండలం నమూనా ముందు కూర్చుని ఉన్నారు. అట్టముక్కలతో చేసిన గుండ్రటి కప్పు. దాని మీద ఆయన పేరు చిన్న చిన్న అక్షరాలతో రాసి ఉంది.

"కూర్చో అమ్మాయ్."

ఆమె కూర్చోలేదు. వదిన సంగతి నించునే చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"పట్టీ కట్టుకోమన్నాం గానీ మాత్రలు మానమని మనం చెప్పలేదుగా?"

"మనమా?" అంది ఆమె.

"కోప్పడకు. ఆ కంపెనీ లేకపోతే ఈ కప్పు లేచేది కాదు. తలుపు తట్టని ఆఫీసు లేదని నీకు తెలుసు. రేపు ఎన్ని వేలమంది పిల్లలు ఇందులో కూర్చుని నేర్చుకుంటారో ఆలోచించు. దానికి నేను కాస్త వంగాను, అంతే. ఆ పట్టీ ఎవర్నీ చంపదు."

"ఆ తాయెత్తులవాళ్ళు కూడా అదే అనేవాళ్ళు మాస్టారూ. మీరు ఏం సమాధానం చెప్పేవారో నాకు గుర్తుంది. మీకు గుర్తుందా?"

ఆయన ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగారు. "ఇదంతా నువ్వు ఎవరితోనూ అనవు కదా?"

వదిన వేలు పోయిందని చెప్పినప్పుడు కూడా ఆయన గొంతులో అంత కంగారు లేదు. ఆమె గేటు దాటి, వీధి మలుపు దాకా వచ్చి, అక్కడ ఒక ఇంటి అరుగు మీద కూలబడింది. అప్పుడొచ్చింది ఏడుపు.

అనకూడదనుకున్న మనిషి, ఆయన అడిగాక అనాలనుకుంది. కబురు చేస్తే ఒక పత్రిక అమ్మాయి ఇంటికొచ్చింది. కరెంటక్క ఆ అమ్మాయి చెయ్యి చాపించి, నొక్కి తూలించి, నొక్కి నిలబెట్టి, గుట్టు విప్పి చూపించింది. మర్నాడు అచ్చులో వచ్చింది. ఊరంతా గుప్పుమంది. ఆ ఆదివారం పొద్దున రేడియోలో మాస్టారి ప్రసంగం. ఆడవాళ్ళిద్దరూ వంటింట్లో ఉన్నారు. ఎన్నాళ్ళుగానో ఉన్న అలవాటు, రేడియో పెట్టే ఉంది.

నక్షత్రాల గురించి చెప్తూ చెప్తూ ఆయన ఆగి అన్నారు. "ఈమధ్య ఎవరో ఏదో అన్నారని విన్నాను. ఆవిడ మంచి మనిషి. మా దగ్గర పెట్టెలు మోసేది. కానీ పాపం, భౌతికశాస్త్రం గురించి ఆవిడకేం తెలుస్తుంది చెప్పండి? వయసు మీద పడ్డాక మనుషులకు మతిమరుపూ, కినుకా రెండూ వస్తాయి."

వదిన కుంటుకుంటూ లేచి రేడియో నోరు నొక్కేసింది. "నమ్మించి గొంతు కోయడమంటే ఇదేనే," అంది. "కనుబొమ కింద నువ్వు తిన్న దెబ్బ వాడి నెత్తిన పడనివ్వాల్సింది. కాస్త బుద్ధయినా వచ్చేది."

కరెంటక్క నవ్వలేదు. కూర తరుగుతున్న కత్తి చేతిలోనే ఉంది. పెట్టెలు మోసేది. అది అబద్ధం కూడా కాదు. మోసింది. కిటికీ దగ్గరికి పిలిచి లెక్కపెట్టించిన మనిషి, "నీకేం తెలుస్తుంది" అన్నాడు. వేరే ఎవరన్నా ఆమె తుడిచిపారేసేది. ఆ మాట అనే హక్కు లేనివాడు లోకంలో ఒక్కడే ఉంటే, అన్నది ఆ ఒక్కడే.

జనంలో సగంమంది ఆమెకు మొహం చాటేశారు. పాత కాలేజీవాళ్ళు ఎదురైతే అటు తిరిగి నడిచేవాళ్ళు. ఆమె మానలేదు. మందుల షాపు ముందు, బస్సు కోసం నించున్నచోట, నల్ల పట్టీ కనపడితే చాలు, "ఏదీ, ఒకసారి చెయ్యి చాపు" అనేది. కొందరు విన్నారు, కొందరు చిరాకుపడ్డారు. పట్టీ తీసి ఆమె ఎదుటే పారేసినవాళ్ళున్నారు. ఆమె వీధి మలుపు తిరిగాక మళ్ళీ ఏరుకున్నవాళ్ళూ ఉన్నారు. చివరకు పట్టీలు ఎవరి ప్రచారం వల్లా పోలేదు. ఫ్యాషను మారింది, జనం ఇంకేదో కొన్నారు.

తారామండలం లేచింది. అది తెరిచిన ఏడాదికే మాస్టారు పోయారు. ఆమె వెళ్ళలేదు. ఆ రోజంతా ఇల్లు కడిగింది.

కొన్నాళ్ళకు మాస్టారి కూతురు వచ్చింది. మనిషి మంచిది, అలసిపోయినట్టుంది. "అక్కా, తారామండలంలో యంత్రాలున్నాయి గానీ చూపించేవాళ్ళకు చేతకావడం లేదు. మీరొచ్చి నేర్పండి. నాన్నగారికి చివర్లో మీ మాటే..."

"ఏమన్నారు?"

కూతురు తడుముకుంది. "ఏమీ అనలేదు. మీరు వచ్చారా అని అడిగేవారు."

కరెంటక్క తలూపింది. "వస్తాను. బలం పరీక్ష కూడా నేర్పుతాను. కానీ చూపించేటప్పుడు, ఈ కట్టడం మీద పేరున్న మనిషి దీంతోనే ఒకసారి మనల్ని మోసం చేశారని చెప్పాలి. మిగతావన్నీ ఆయన గొప్పలే చెప్పండి, నేనూ చెప్తాను. ఇది కూడా చెప్పాలి."

కూతురి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తారామండలం కమిటీని అడుగుతానంది. కమిటీ ఒప్పుకోలేదని మళ్ళీ వచ్చి తనే చెప్పింది, పాపం. కరెంటక్క ఆమెకు టీ ఇచ్చి పంపించింది.

అయినా ఒకసారి వెళ్ళింది, అందరిలాగే టిక్కెట్టు కొనుక్కుని. వదినకు ఆ మెట్లు ఎక్కడం కష్టం, బయట బెంచీ మీద కూర్చుంది. లోపల దీపాలారిపోయాయి. తల మీద ఆకాశం విచ్చుకుంది. ఎప్పుడో రికార్డు చేసిన మాస్టారి గొంతు మొదలైంది. ఏ నక్షత్రం వెలుగు ఎప్పుడు బయలుదేరిందో, మన కంటికి చేరేసరికి అది ఉందో లేదో మనకెలా తెలుస్తుందో, ఒక్కొక్కటే విప్పి చెప్తోంది. పక్కన ఒక పాప వాళ్ళ నాన్న చెవిలో ఏదో అడిగింది, ఆయన గుసగుసగా తనకు తెలియదన్నాడు. కరెంటక్క ఒక్క మాట కూడా వదలకుండా విన్నది. ఎక్కడైనా తప్పు చెప్తారేమోనని విన్నది. ఒక్కటీ దొరకలేదు. దొరికినా, దాన్ని పట్టడానికి ఆమె దగ్గరున్నది ఆయన నేర్పిన చదువే.

బయటికొచ్చేసరికి ఎండ కళ్ళల్లో కొట్టింది. వదిన కాలికి ప్రత్యేకంగా కుట్టించిన బూటు సరిచేసుకుంటోంది.

"ఎలా ఉందే లోపల?"

"బాగుంది."

"అంత బాగుందా?"

"చాలా బాగుంది వదినా. ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు," అంది కరెంటక్క. "అదే నాకు మింగుడు పడట్లేదు."

చెయ్యి అందిస్తే వదిన పట్టుకుని లేచింది. ఇద్దరూ బస్సు ఆగే చోటికి మెల్లగా నడిచారు.